కొలువు – ప్రాతినిధ్యం: ప్రభుత్వోద్యోగుల శాసనసభాభ్యర్థిత్వంపై నిషేధం – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం: ప్రభుత్వోద్యోగంలో ఉన్న వ్యక్తి చట్టసభకు పోటీ చేయరాదన్న నియమం నేడు స్వయంసిద్ధంగా కనిపిస్తుంది. ఈ నియమం ఒక్కచోట, ఒక్క కారణంతో పుట్టలేదు. ఇంగ్లండులో రాజు పలుకుబడిపై పార్లమెంటుకున్న భయం, వలస భారతదేశంలో సభను అదుపులో ఉంచుకోవాలన్న సర్కారు అవసరం, స్వతంత్ర భారతంలో గ్రామాధికారి ప్రాబల్యంపై ఓటరుకున్న జంకు ఇందులో పొరలుపొరలుగా చేరాయి. ఆ పొరలను విడదీసి, తెలుగు ప్రాంతాల గ్రామోద్యోగుల చరిత్రను, గిరిజన ప్రాంతపు ఏకోపాధ్యాయుని ఎన్నికపై వచ్చిన తీర్పును ఆధారం చేసుకొని నిషేధం పరిధిని అంచనా వేయడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలక పదాలు: లాభదాయక పదవి, కొలువు, గ్రామోద్యోగి, కరణం, ఉపాధ్యాయ నియోజకవర్గం, అనర్హత.

ప్రవేశిక

భారత రాజ్యాంగం 102వ అధికరణం పార్లమెంటు సభ్యులకు, 191వ అధికరణం రాష్ట్ర శాసనసభ్యులకు అనర్హతలను నిర్దేశిస్తాయి. వాటిలో మొట్టమొదటిది, కేంద్ర ప్రభుత్వం కిందగాని రాష్ట్ర ప్రభుత్వం కిందగాని లాభదాయకమైన పదవిలో ఉండటం. చట్టం ద్వారా మినహాయించిన పదవులకు ఇది వర్తించదు. ఈ అధికరణాలలో ఒక సూక్ష్మం ఉంది. అనర్హత సభ్యుడుగా కొనసాగడానికి మాత్రమే కాదు, సభ్యుడుగా ఎన్నిక కావడానికి కూడా అడ్డు. నామినేషన్ల పరిశీలన జరిగే నాటికే అభ్యర్థి ఆ పదవిలో ఉండకూడదని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతుంది. అంటే గెలిచిన తరువాత ఉద్యోగమా, సభ్యత్వమా అని తేల్చుకునే వెసులుబాటు ఉద్యోగికి లేదు. గెలుపోటములు తెలియకముందే జీవనోపాధిని వదులుకోవాలి.

ఈ నియమాన్ని సమర్థించేవారు అధికార తటస్థతను ముందుంచుతారు. విమర్శించేవారు పౌరహక్కును ముందుంచుతారు. రెండు వాదాలలోనూ బలం ఉంది. అయితే వాటిని తూచడానికి ముందు, ఏ భయాన్ని తీర్చడానికి ఈ నిషేధం పుట్టిందో, ఆ భయం ఇప్పటికీ అదే రూపంలో ఉన్నదో లేదో తెలుసుకోవలసి ఉంది.

‘కొలువు’లోని రెండు అర్థాలు

తెలుగులో ‘కొలువు’ అన్న మాటకు ఉద్యోగమన్న అర్థమూ ఉంది, రాజసభ అన్న అర్థమూ ఉంది. కొలువు చేయడమంటే సేవించడం. కొలువు తీరడమంటే సభ జరపడం. ఒకే మాట ఈ రెండింటినీ మోయడం యాదృచ్ఛికం కాదు. రాచరికంలో సభలో కూర్చునేవాడు రాజును సేవించేవాడే. మంత్రి, దండనాథుడు, పురోహితుడు రాజు నియమించినవారే. పాలకునికి సలహా చెప్పేవాడూ, అతని ఆజ్ఞను అమలు చేసేవాడూ వేరువేరు మనుషులై ఉండాలన్న భావన ఆ వ్యవస్థలో లేదు.

‘ఉద్యోగం’ అన్న పదం ప్రయాణం మరింత ఆసక్తికరమైనది. సంస్కృతంలో దానికి ప్రయత్నం, పూనిక అని అర్థం. భారతంలోని ఉద్యోగపర్వం యుద్ధసన్నాహాన్ని చెప్పేది. తెలుగువారి వ్యవహారంలో అది జీతానికి చేసే పనిగా స్థిరపడింది. ‘నియోగం’ అంటే ఒక పనికి నియమించడం. నియోగులన్న శాఖానామానికీ, రాచకార్యాలలో నియుక్తులు కావడానికీ ఉన్న సంబంధం తెలిసినదే. ఈ పదాలన్నింటిలోనూ అధికారం పైనుంచి కిందికి వస్తుంది. ‘ప్రతినిధి’ అన్న పదంలో మాత్రం దిశ మారింది. మరొకరి స్థానంలో నిలిచేవాడు ప్రతినిధి. ప్రజల స్థానంలో నిలిచేవాడన్న రాజకీయార్థం ఎన్నికల సభలతోపాటు వచ్చింది. పైనుంచి నియుక్తుడైనవాడు కిందినుంచి ఎన్నికైనవాడు కాగలడా అన్నది ఈ నిషేధం వెనుకనున్న మౌలిక ప్రశ్న.

ఇంగ్లండు: కొనుగోలు చేసే రాజు

ఈ ప్రశ్నకు తొలి శాసనరూపం ఇంగ్లండులో దొరుకుతుంది. పదిహేడో శతాబ్దపు చివర హౌస్ ఆఫ్ కామన్స్‌లో రాజు ఇచ్చిన పదవులలో, పింఛన్లలో ఉన్న సభ్యులు గణనీయంగా ఉండేవారు. సభను రద్దు చేయకుండానే, బెదిరించకుండానే, పదవులు పంచి లోబరచుకోవడం రాజుకు సాధ్యమైంది. దానికి ప్రతిగా 1701 నాటి సింహాసన వారసత్వ చట్టం ఒక తీవ్రమైన నియమాన్ని చేర్చింది. రాజు కింద లాభదాయకమైన పదవిలో ఉన్నవారు గాని, రాజు నుంచి పింఛను పొందేవారు గాని కామన్స్ సభ్యులుగా ఉండరాదు. హానోవర్ వంశం గద్దెనెక్కినప్పుడు ఇది అమలులోకి రావాలి.

ఆ నియమం అక్షరాలా అమలైతే మంత్రులెవరూ సభలో ఉండే వీలులేదు. సభకు జవాబుదారీ కావలసిన ప్రభుత్వం సభకే దూరమయ్యేది. అందుచేత అమలుకు రాకముందే, 1705–1707 మధ్య చేసిన చట్టాలు దానిని సడలించాయి. 1705 అక్టోబరు 25 తరువాత సృష్టించిన కొత్త పదవులలో ఉన్నవారు పూర్తిగా అనర్హులయ్యారు. పాత పదవులలో నియమితుడైన సభ్యుడు తన స్థానం ఖాళీచేసి మళ్లీ ప్రజల ముందుకు వెళ్లి ఎన్నిక కావచ్చు. పదవిని స్వీకరించిన విషయం ఓటర్లకు తెలిసి, అయినా వారు ఎన్నుకుంటే అభ్యంతరం లేదన్నది ఇక్కడి తర్కం. మంత్రులు ఇలా తిరిగి ఎన్నిక కావలసిన అవసరం 1926 వరకు ఏదో ఒక మేరకు కొనసాగింది.

1782లో మరొక అడుగు పడింది. సుంకం, ఎక్సైజు, తపాలా శాఖల ఉద్యోగులకు పోటీ మాట అటుంచి ఓటుహక్కునే తీసివేశారు. చిన్న పట్టణ నియోజకవర్గాలలో ఈ ఉద్యోగుల ఓట్లు సర్కారు అభ్యర్థికి పడటం దీనికి కారణం. ఆ ఓటుహక్కు వారికి మళ్లీ 1868లో దక్కింది. ఈ పరిణామంలో గమనించదగినది ఒకటి ఉంది. నిషేధం ఉద్యోగిని దోషిగా చూడలేదు. అతనిని వాడుకునే రాజును దోషిగా చూసింది. భయం రాజు గురించి, శిక్ష ఉద్యోగికి. 1854 నాటి నార్త్‌కోట్–ట్రెవెలియన్ నివేదిక తరువాత ప్రతిభ ఆధారంగా నియమితమయ్యే శాశ్వత ఉద్యోగవర్గం ఏర్పడుతూ రావడంతో పాత నిషేధానికి కొత్త సమర్థన దొరికింది. ఏ పార్టీ గెలిచినా ఒకే నమ్మకంతో పనిచేయాలంటే ఉద్యోగి ఏ పార్టీకీ చెందకూడదన్నది ఆ సమర్థన.

వలస పాలన: ఉద్యోగులతో నిండిన సభ

ఇంగ్లండులో ఉద్యోగులను సభలోకి రానీయకుండా పోరాడిన పార్లమెంటే, భారతదేశంలో ఉద్యోగులతో సభలను నింపింది. 1861 నాటి కౌన్సిళ్ల చట్టం ప్రకారం శాసనాలు చేసే సందర్భంలో చేర్చుకునే అదనపు సభ్యులలో కనీసం సగం మంది అనధికారులు కావాలి. మిగిలినవారు అధికారులు కావచ్చు. కార్యనిర్వాహక సభ్యులను కలుపుకుంటే ఆధిక్యం సర్కారుదే. 1909 సంస్కరణలు రాష్ట్ర కౌన్సిళ్లలో అనధికార ఆధిక్యాన్ని అనుమతించినా, కేంద్ర కౌన్సిల్‌లో అధికారుల ఆధిక్యాన్ని నిలుపుకున్నాయి. 1919 చట్టం గవర్నర్ల రాష్ట్రాల కౌన్సిళ్లలో కనీసం 70 శాతం మంది ఎన్నికైనవారు కావాలని, అధికారులు 20 శాతానికి మించరాదని నిర్ణయించింది.

అదే 1919 చట్టం అధికారి ఎన్నికకు అర్హుడు కాడనీ, ఎన్నికైన అనధికార సభ్యుడు సర్కారు కొలువులో చేరితే అతని స్థానం ఖాళీ అవుతుందనీ స్పష్టం చేసింది. రెండు నియమాలను పక్కపక్కన పెట్టి చూస్తే వైచిత్రి బోధపడుతుంది. అధికారి సభలో కూర్చోవచ్చు, కాని ప్రజలు పంపితే కూర్చోరాదు. సర్కారు పంపితే కూర్చోవచ్చు. సభలో ఉద్యోగి ఉండటం తప్పు కాదు. ప్రజలకు జవాబుదారీగా ఉండటమే తప్పు. ఇంగ్లండులో సభ స్వాతంత్ర్యాన్ని కాపాడిన సూత్రం ఇక్కడ సర్కారు క్రమశిక్షణను కాపాడే సాధనమైంది.

1935 చట్టం రాష్ట్ర శాసనసభలలో అధికార సభ్యుల కూటమిని తొలగించింది. భారతదేశంలో రాజు కింద లాభదాయకమైన పదవిలో ఉన్నవారు అనర్హులన్న మాట అందులో చేరింది. శాసనం ద్వారా మినహాయింపులు ఇచ్చే అవకాశం కూడా అప్పుడే వచ్చింది. రాజ్యాంగ నిర్మాతలు స్వీకరించినది దాదాపు ఇదే వాక్యం. ‘రాజు’ స్థానంలో ‘ప్రభుత్వం’ వచ్చింది.

కరణం, తలారి, గ్రామ మునసబు

స్వతంత్ర భారతంలో తొలి సాధారణ ఎన్నికల కోసం చేసిన 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఒక వివరణ తెలుగు పాఠకునికి పరిచితమైన పదాలను చూపుతుంది. ఎన్నికలలో ప్రభుత్వోద్యోగి సహాయాన్ని పొందడం అవినీతికరమైన పద్ధతి అని చెబుతూ, ఎవరు ప్రభుత్వోద్యోగి అన్నదానిని ఆ చట్టం విడమరచింది. పట్వారీ, చౌకీదారు, పాటిల్ మొదలైన పేర్లతోపాటు కరణం, తలారి, గ్రామ మునసబు అన్న పేర్లు అందులో ఉన్నాయి. అది పూర్తికాలపు కొలువైనా కాకపోయినా లెక్కలోకి వస్తుందని కూడా చట్టం చెప్పింది. ఢిల్లీలో కూర్చుని చట్టం రాసినవారికి రాష్ట్ర కార్యదర్శి కంటే ఊరి కరణమే ఎన్నికలకు పెద్ద ప్రమాదంగా కనిపించాడన్నమాట.

ఆ భయానికి ఆధారం ఉంది. 1802 నాటి మద్రాసు రెగ్యులేషన్ కాలం నుంచి కరణం ఊరి భూమి లెక్కలకు అధిపతి. అడంగల్ ఎవరి పేరున ఉంటుందో, ఏ చెక్కకు నీరు పారినట్టు రాస్తారో అతని కలం మీద ఆధారపడేది. గ్రామ మునసబు శిస్తు వసూలు చేసేవాడు, చిన్న తగవులు తీర్చేవాడు, పోలీసు విధులూ నిర్వహించేవాడు. 1895 నాటి చట్టం ఈ కొలువుల వంశపారంపర్యాన్ని ధ్రువపరచింది. తెలంగాణలో పటేల్, పట్వారీలది దాదాపు ఇదే స్థానం. కరణాన్ని గురించి సుమతి శతకంలో పద్యాలు ఉండటం, సామెతలలో కరణం తరచుగా కనిపించడం ఆ కలం బలానికి సాహిత్య సాక్ష్యాలు. ఓటు రహస్యమైనదే కావచ్చు. ఊరిలో రైతు అవసరాలు కరణానికి రహస్యం కావు.

అయితే గ్రామోద్యోగి చరిత్రకు మరో పార్శ్వం ఉంది. 1921–22లో గుంటూరు జిల్లా పెదనందిపాడు ప్రాంతంలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన పన్నుల నిరాకరణోద్యమం సాగినప్పుడు గ్రామాధికారులు పెద్దసంఖ్యలో రాజీనామాలు చేశారు. శిస్తు వసూలు యంత్రం స్తంభించడానికి అది ముఖ్యకారణాలలో ఒకటి. సర్కారుకూ ఊరికీ మధ్య నిలిచిన మనిషి ఊరివైపు మళ్లగలడని ఆ ఘట్టం నిరూపించింది. అదే సమయంలో ఆ మళ్లడానికి వారు చెల్లించవలసిన మూల్యం కొలువే అని కూడా నిరూపించింది. రాజకీయాలలోకి రావాలనుకున్న ఉద్యోగి ముందు రాజీనామా పత్రం ఉండటం అప్పటికే ఒక సంప్రదాయం.

గ్రామోద్యోగిపై చట్టం చూపు క్రమంగా మారింది. 1956 సవరణ కరణాల వంటి గ్రామ లెక్కలవారిని నిషిద్ధుల జాబితాలో ఉంచి, ఇతర గ్రామాధికారులను వదిలిపెట్టింది. 1959లో పార్లమెంటు చేసిన అనర్హతల నివారణ చట్టం, వసూలు చేసిన శిస్తులో వాటాగాని కమిషన్‌గాని పొందుతూ పోలీసు విధులు లేని గ్రామ రెవెన్యూ అధికారిని పార్లమెంటు సభ్యత్వానికి అనర్హుడు కాడని ప్రకటించింది. ఇందులో ఒక వివేచన ఉంది. ప్రభుత్వంతో సంబంధం ఉండటం ఒక్కటే ప్రమాదం కాదు. ఆ సంబంధం బలవంతపెట్టే అధికారాన్ని ఇస్తున్నదా లేదా అన్నది గీటురాయి. పోలీసు విధులున్నవాడు ఒకవైపు, లేనివాడు మరొకవైపు. ఈ గీటురాయిని చట్టం ఇతర ఉద్యోగాలకు విస్తరించి ఉంటే తరువాతి చరిత్ర వేరుగా ఉండేది.

1961లో సుప్రీంకోర్టు గుంటూరు జిల్లాకు చెందిన గాజుల దశరథరామారావు వ్యాజ్యంలో గ్రామ మునసబు కొలువుకు వంశపారంపర్యాన్ని ప్రాతిపదికగా తీసుకోవడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా పార్ట్‌టైం గ్రామాధికారుల పదవులను రద్దుచేసింది. మరుసటి సంవత్సరం సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. కరణం తెలుగు ఊళ్లనుంచి నిష్క్రమించాడు. అతనిని దృష్టిలో పెట్టుకొని పెంచిన నిషేధం మాత్రం మిగిలిన ఉద్యోగులందరిపై అలాగే నిలిచింది.

ఏకోపాధ్యాయుని ఎన్నిక

1989లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు నాగూరు షెడ్యూల్డు తెగల నియోజకవర్గం నుంచి శత్రుచర్ల చంద్రశేఖరరాజు ఎన్నికయ్యారు. ఆయన సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలలో ఏకోపాధ్యాయుడు. అది లాభదాయక పదవి అన్న కారణంతో ఎన్నికను సవాలు చేయగా హైకోర్టు ఎన్నికను రద్దుచేసింది. 1992లో సుప్రీంకోర్టు హైకోర్టు నిర్ణయాన్ని తోసిపుచ్చింది.

ఈ తీర్పు ప్రాముఖ్యాన్ని గ్రహించడానికి అంతకుముందు నెలకొన్న సూత్రాలను చూడాలి. నియమించేది ఎవరు, తొలగించేది ఎవరు, జీతమిచ్చేది ఎవరు, చేసే పని ఎవరిది, ఆ పనిపై అదుపు ఎవరిది అన్న ప్రశ్నలను సుప్రీంకోర్టు 1971 నాటికి క్రోడీకరించింది. 1969లో మైసూరు ఇనుము, ఉక్కు కర్మాగారపు ఉద్యోగి విషయంలో, ప్రభుత్వ కంపెనీలో ఉద్యోగం ప్రభుత్వం కింద ఉద్యోగం కాదన్నది. 1984లో ఉత్తరప్రదేశ్ ప్రాథమిక విద్యామండలి పాఠశాల ఉపాధ్యాయుని విషయంలో, మండలి పేరుకు వేరైనా నిజానికి ప్రభుత్వ విభాగం వంటిదే కాబట్టి అతడు అనర్హుడన్నది. ఇద్దరు ఉపాధ్యాయులు, ఇంచుమించు ఒకే పని, ఒకే రకమైన పిల్లలు. ఉత్తరప్రదేశ్ ఉపాధ్యాయుడు సభకు అనర్హుడు, నాగూరు ఉపాధ్యాయుడు అర్హుడు.

ఈ వ్యత్యాసానికి సాంకేతిక కారణం గిరిజనాభివృద్ధి సంస్థ రిజిస్టరైన సొసైటీ కావడం. ప్రభుత్వానికి దానిపై కొంత అదుపు ఉన్నా, ఉపాధ్యాయుడు నేరుగా ప్రభుత్వం కింద పదవిలో ఉన్నట్టు కాదని న్యాయస్థానం భావించింది. అయితే తీర్పులో సాంకేతికతకు మించినది కూడా ఉంది. ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుని విధులకూ శాసనసభ్యుని విధులకూ మధ్య ఘర్షణ ఏమిటన్న ప్రశ్నను అది లెక్కలోకి తీసుకుంది. నిషేధం ఉద్దేశం ఆ ఘర్షణను నివారించడమే అయినప్పుడు, ఘర్షణ లేనిచోట నిషేధానికి పని ఏమిటన్నది దానిలో ధ్వనించే ప్రశ్న.

రాజ్యాంగమే ఇటువంటి సందులకు చోటిచ్చింది. రాష్ట్రపతి పదవికి అర్హతలు చెప్పే 58వ అధికరణం, ప్రభుత్వాల అదుపులో ఉన్న స్థానిక సంస్థల, ఇతర సంస్థల పదవులను కూడా అనర్హతలో చేర్చింది. 102, 191 అధికరణాలలో ఆ మాటలు లేవు. ఈ తేడా ఉద్దేశపూర్వకమైనదేనని న్యాయస్థానాలు గుర్తించాయి. కాబట్టి చట్టసభల విషయంలో నిషేధాన్ని వీలైనంత సంకుచితంగా ఉంచడమే రాజ్యాంగ భావమని చెప్పవచ్చు.

నాగూరు వంటి నియోజకవర్గంలో దీని ప్రభావం పుస్తకాలకే పరిమితం కాదు. కొండ ఊళ్లలో చదువుకున్న తొలితరానికి అందుబాటులో ఉన్న కొలువు తరచుగా బడిపంతులుదే. అర్జీ రాయగలిగినవాడు, అధికారితో మాట్లాడగలిగినవాడు, పట్టణపు కచేరీ తెలిసినవాడు ఆ పంతులే. అటువంటి వ్యక్తిని ఉద్యోగి కాబట్టి పనికిరాడని తోసిపుచ్చితే, రిజర్వుడు స్థానంలో మిగిలే అభ్యర్థుల పరిధి ఎంత కుంచించుకుపోతుందో ఊహించవచ్చు.

ఓటరు, కాని అభ్యర్థి కాడు

ఉపాధ్యాయుల విషయంలో మరొక వైరుధ్యాన్ని రాజ్యాంగమే సృష్టించింది. 171వ అధికరణం ప్రకారం శాసనమండలిలో ఇంచుమించు పన్నెండో వంతు స్థానాలు ఉపాధ్యాయులు ఎన్నుకునేవి. మాధ్యమిక స్థాయికి తగ్గని విద్యాసంస్థలలో కనీసం మూడేళ్లు బోధించినవారు ఓటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో 1958లో ఏర్పడి, 1985లో రద్దయి, 2007లో పునరుద్ధరింపబడిన మండలిలో ఈ స్థానాలు ఉన్నాయి. ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు ఉపాధ్యాయుడుగానే ఈ ఓటు వేస్తాడు. కాని తన వృత్తి ప్రాతినిధ్యం కోసం ఏర్పరచిన స్థానానికి తాను పోటీ చేయాలంటే ఆ వృత్తిని వదలాలి. మరోవైపు, పట్టభద్రుల స్థానం నుంచి పోటీ చేసే అభ్యర్థి పట్టభద్రుడై ఉండనక్కరలేదని 1972లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఉపాధ్యాయ నియోజకవర్గానికీ ఇదే తర్కం వర్తిస్తుంది. కొలువులో ఉన్న సర్కారు ఉపాధ్యాయునికి దక్కని అవకాశం ఎన్నడూ బోధించనివారికి దక్కుతుంది.

తెలంగాణ ఉద్యమం ఈ ప్రశ్నను మరో కోణంలో ముందుకు తెచ్చింది. 2011 సెప్టెంబరు 13న మొదలై 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెలో ఉద్యోగులది ప్రధాన పాత్ర. అనంతరం ఉద్యోగ సంఘాల నాయకులు చట్టసభలలోకి వచ్చారు. ఉద్యోగ విరమణ చేసిన స్వామిగౌడ్ 2013లో పట్టభద్రుల స్థానం నుంచి మండలికి ఎన్నికై, 2014లో తెలంగాణ మండలి తొలి అధ్యక్షుడయ్యారు. గెజిటెడ్ అధికారుల సంఘం నాయకుడు శ్రీనివాస్ గౌడ్ కొలువు వదిలి 2014లో మహబూబ్‌నగర్ నుంచి శాసనసభకు గెలిచారు. ఉద్యోగులు రాజకీయేతరులన్న సూత్రం, ఉద్యోగులే రాజకీయ మార్పుకు ప్రధాన శక్తులలో ఒకరైన వాస్తవం ఇక్కడ ఎదురెదురుగా నిలిచాయి.

రాజీనామా చేయవచ్చు కదా అన్న సమాధానం అందరికీ ఒకేలా వర్తించదు. పింఛను నియమాల ప్రకారం రాజీనామా చేసినవారు గత సర్వీసును కోల్పోతారు. స్వచ్ఛంద పదవీ విరమణకు సాధారణంగా 20 సంవత్సరాల సర్వీసు కావాలి. కాబట్టి సుదీర్ఘ సర్వీసున్న ఉన్నతాధికారి పింఛనుతో పోటీకి దిగగలడు. ఐఏఎస్ వదిలిన జయప్రకాశ్ నారాయణ 2009లో కూకట్‌పల్లి నుంచి గెలవడం, ఐపీఎస్ నుంచి స్వచ్ఛందంగా విరమించిన లక్ష్మీనారాయణ 2019లో విశాఖపట్నం నుంచి పోటీ చేయడం తెలుగువారికి తెలిసినవే. ఎనిమిదేళ్ల సర్వీసున్న గుమాస్తాకు, పంతులుకు, నర్సుకు ఆ దారి లేదు. ఓడిపోతే తిరిగి రావడానికి ఇల్లే తప్ప కొలువు ఉండదు. నిషేధం అందరిపైనా ఒకటే; దాని బరువు మాత్రం అధికారం తక్కువగా ఉన్నవారిపైనే ఎక్కువ.

నియమం ఉద్దేశానికి ఇది సరిగ్గా విపర్యయం. ఓటర్లను ప్రభావితం చేయగలిగింది జిల్లా అధికారి. అతను పదవి వదిలిన మరునాడే పోటీ చేయవచ్చు. పదవి వదలడానికీ పోటీ చేయడానికీ మధ్య కొంత విరామం ఉండాలన్న సూచనలు వచ్చినా చట్టం కాలేదు. 2022లో ఈ విషయమై వచ్చిన అభ్యర్థనను, అది శాసనవ్యవస్థ తేల్చవలసినదని సుప్రీంకోర్టు తిరస్కరించింది.

మినహాయింపుల చరిత్ర

ఉద్యోగుల విషయంలో కఠినంగా ఉన్న చట్టసభలు సభ్యుల విషయంలో ఉదారంగా ఉన్నాయి. పండిత ఠాకూర్‌దాస్ భార్గవ అధ్యక్షతన ఏర్పడిన సంఘం పదవులను పరిశీలించిన తరువాత 1959 చట్టం వచ్చింది. ఆనాటి నుంచి మినహాయింపుల జాబితా పెరుగుతూనే ఉంది. 2006 మార్చిలో ఉత్తరప్రదేశ్ చలనచిత్రాభివృద్ధి మండలి అధ్యక్షురాలుగా ఉన్న కారణంగా జయాబచ్చన్ రాజ్యసభ సభ్యత్వాన్ని కోల్పోయారు. జీతం తీసుకున్నారా లేదా అన్నది కాదు, తీసుకోవడానికి వీలున్న పదవా కాదా అన్నదే ప్రశ్న అని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే నెలలో జాతీయ సలహా మండలి అధ్యక్షపదవి వివాదంలో సోనియాగాంధీ లోక్‌సభ సభ్యత్వానికి రాజీనామా చేశారు. పార్లమెంటు వెంటనే అనేక పదవులను మినహాయిస్తూ బిల్లు చేసింది. రాష్ట్రపతి అబ్దుల్ కలాం దానిని పునఃపరిశీలనకు తిప్పి పంపారు. ఉభయసభలు మళ్లీ ఆమోదించాక అది చట్టమైంది. 1701లో ఇంగ్లండు భయపడినది సరిగ్గా దీనికే: సభ్యులకు పదవులు పంచే ప్రభుత్వానికి. ఆ భయం వర్తించవలసినచోట మినహాయింపులు పెరిగాయి. వర్తించనిచోట, అంటే ఎవరినీ కొనలేని, ఎవరికీ అమ్ముడుపోనక్కరలేని సాధారణ ఉద్యోగి దగ్గర, నిషేధం చెక్కుచెదరలేదు.

ఇతర దేశాలలో భిన్నమైన మార్గాలు ఉన్నాయి. జర్మనీలో ఉద్యోగి పోటీ చేయవచ్చు, ఎన్నికల ప్రచారానికి సెలవు పొందే హక్కు ఉంది, గెలిస్తే ఉద్యోగ విధులు నిలిచిపోతాయి, సభ్యత్వం ముగిశాక తిరిగి చేరవచ్చు. ఫ్రాన్స్‌లోనూ ఉద్యోగి పోటీకి అర్హుడే. గెలిచిన తరువాత ఉద్యోగాన్ని సభ్యత్వంతోపాటు నిర్వహించరాదు. విశ్వవిద్యాలయ ఆచార్యులకు ఆ నియమం నుంచి మినహాయింపు ఉంది. ఈ పద్ధతులలో అనర్హతకు బదులు అసంగతత్వమన్న భావన కనిపిస్తుంది. రెండు పదవులు ఒకేసారి పొసగవు, కాని ఒకదానినుంచి రెండవదానికి వెళ్లే దారి మూసివేయనక్కరలేదు.

ఈ పద్ధతులపై ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఓడిపోయి తిరిగి వచ్చిన ఉద్యోగి తనకు ఓటు వేయని ఊరికి సేవ చేయగలడా? గెలిచిన ప్రత్యర్థి ప్రభుత్వం అతనిని ప్రశాంతంగా పనిచేయనిస్తుందా? బదిలీలు రాజకీయమైన చోట ఈ ప్రశ్నలు కొట్టిపారేయదగినవి కావు. ఓటరు వైపునుంచి చూసినా, తహసీల్దారు పోటీచేసి ఓడి అదే మండలానికి తిరిగి వస్తే భూమి పట్టా కోసం వెళ్లిన రైతు పరిస్థితి పాత కరణం ముందు నిలిచిన రైతు పరిస్థితే. అందువల్ల రెవెన్యూ, పోలీసు, న్యాయ, ఎన్నికల నిర్వహణ విధులున్నవారికి నిషేధం అవసరమే. వారికి పదవి వదిలిన తరువాత కూడా కొంత విరామం ఉండటం సమంజసం. బోధన, వైద్యం, పరిశోధన, సాంకేతిక సేవల వంటి రంగాలలో ఉన్నవారి స్థితి వేరు. వారు ఎవరి భూమినీ మార్చలేరు, ఎవరినీ నిర్బంధించలేరు. వారికి జీతం లేని సెలవుపై పోటీ చేసే అవకాశం, పనిచేసే నియోజకవర్గానికి వెలుపల పోటీ చేయాలన్న షరతు, ఓడితే మరొకచోట నియామకం వంటి ఏర్పాట్లు ఆలోచించదగినవి.

ముగింపు

ఈ నిషేధం చరిత్రలో మూడు భయాలు కలిసి ఉన్నాయి. రాజు సభను కొంటాడన్న భయం, సర్కారు కొలువు క్రమశిక్షణ సడలుతుందన్న భయం, ఊరి అధికారి ఓటరును బెదిరిస్తాడన్న భయం. మొదటిది నేడు మినహాయింపుల జాబితాలో కరిగిపోయింది. రెండవది వలస పాలన అవసరం. మూడవది మాత్రమే ప్రజాస్వామ్యంలో నిజమైన ఆధారం ఉన్నది. అది కూడా అధికారం చేతిలో ఉన్న ఉద్యోగుల విషయంలోనే. పోలీసు విధులున్నవాడినీ లేనివాడినీ వేరుచేసి చూసిన 1959 చట్టం, విధుల ఘర్షణ ఎక్కడుందని అడిగిన 1992 తీర్పు ఇదే మార్గాన్ని సూచించాయి.

‘కొలువు’ అన్న మాటలోని రెండు అర్థాలు మళ్లీ కలిసిపోనక్కరలేదు. సభలో కూర్చునేవాడు ఎవరి జీతగాడూ కాకపోవడం మంచిదే. అయితే జీతం తీసుకున్నంత మాత్రాన ఒక మనిషి సభకు పనికిరాడని చెప్పడం వేరు. కొండవాలులో ఒంటరిగా బడి నడిపిన ఉపాధ్యాయుని ఎన్నిక నిలబడటానికి సొసైటీ రిజిస్ట్రేషన్ పత్రం ఆధారం కావలసి వచ్చింది. అతని పౌరసత్వమే అందుకు ఆధారం కాగలిగేలా చట్టాన్ని సవరించడం శాసనసభల చేతిలోని పని.